దీవులలో దూరపు నడక

కాలినడక రుచి మరిగినవానికి ఒక యాత్ర ముగిసిన రాత్రే మరొక యాత్ర మొదలవుతుంది. పాదాల బొబ్బలు ఆరకముందే అతడు పటం విప్పుకొని, ఇక ఏ దారిన పోవలెనని ఆలోచిస్తాడు. ఈ ఆలోచన కొత్తది కాదు. వెనుకటి తీర్థయాత్రికులు దారులను ఎంచుకొనేవారు. ఎంచుకొన్న దారి మంచిచెడ్డలను తరువాత వచ్చేవారికి చెప్పి పోయేవారు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్టణం నుండి కాశికి బయలుదేరి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరినాడు. ఆయన 'కాశీయాత్ర చరిత్ర' తెరిస్తే ఏ మజిలీలో నీళ్ళు మంచివి, ఎక్కడ అంగళ్ళున్నవి, ఎక్కడ బాట రాళ్ళమయం, ఏ అడవిలో జాగ్రత్త అవసరం అన్నవి వరుసగా కనబడతాయి. ఆయన పోయినది పల్లకిలో కనుక, అసలు నడిచినవారు బోయీలే కదా అని ఎవరైనా అంటే కాదనడానికి వీలులేదు. అయినప్పటికీ వెనుక వచ్చేవాని మేలు కోరి వ్రాసిన గ్రంథం అది.

అండమాన్ నికోబార్ దీవులకు అటువంటి గ్రంథం లేదు. తీర్థమూ, సంతా, సత్రమూ లేనిచోట మజిలీల చరిత్ర పుట్టదు. బంగాళాఖాతంలో ఉత్తర దక్షిణాలుగా బారులు తీరిన ఈ దీవులూ, తిప్పలూ, రాతిగుట్టలూ కలిసి 836. వాటిలో మనుష్యులు నివసించేవి ముప్పది చిల్లర మాత్రమే. ఉత్తర, మధ్య, దక్షిణ అండమానులు బారాటాంగుతోను రట్లండుతోను కలిసి, సన్నని జలసంధులచేత తెగి కూడా ఒకే భూభాగం వలె సుమారు 250 కిలోమీటర్ల పొడవున సాగుతాయి. పటంమీద చూసినవానికి ఇది ఏకధాటిగా నడిచిపోదగిన నేలగా తోస్తుంది. ఈ భ్రమవల్ల పోయిన ప్రాణాలు తక్కువ కావు.

ఇక్కడి దూరపు దారులలో యాత్రికుని కోసం వేసినది దాదాపుగా లేదు. కొన్ని ఖైదీల చేతులు వేసినవి, కొన్ని కలప కోసం అటవీశాఖ కూలీలు కొట్టినవి, కొన్ని సైన్యం అవసరానికి పుట్టినవి. వీటన్నిటికంటె ముందునుండి ఉన్నవి అడవిలోని ఆదిమజాతుల జాడలు. అందుచేత ఈ దీవులలో తరువాతి నడకను ఎంచుకొనేవాడు ఎత్తునూ దూరాన్నీ లెక్క వేసుకొంటే చాలదు. ఈ బాటను ఎవరు, దేనికోసం వేసినారు, ఇప్పుడు అది ఎవరి ఇంటి మీదుగా పోతున్నదని కూడా అడుగవలసి ఉంటుంది.

తెలుగులో దారికి పేర్లు చాలా ఉన్నవి. పుంత, డొంక, కాలిబాట, అడ్డదారి అనే మాటలన్నీ పదిమంది పదేపదే నడవడంవల్ల ఏర్పడిన జాడలకే చెల్లుతాయి. అండమాను వాసుల దారులు కూడా అట్టివే. కాని కొత్తవాని కంటికి అవి ఆనవు. 1869లో ఈ దీవులకు వచ్చి, అక్కడివారి భాషనూ ఆచారాలనూ శ్రద్ధగా పరిశీలించిన ఇ. హెచ్. మాన్ అనే అధికారి వారిలో రెండు వర్గాలను గుర్తించినాడు. తీరవాసులు ఆర్యోతోలు, అడవిలోపలివారు ఎరెంతాగలు. ఆర్యోతోలు ఈతలోను చేపల వేటలోను దిట్టలు. దట్టమైన అడవిలో దారి తప్పకుండా నడవడం ఎరెంతాగల విద్య. ఒకే జాతివారిలో ఒక వర్గానికి సహజమైన దారి మరొక వర్గానికి అంత సుగమం కాకపోయినప్పుడు, గంగానది మైదానంనుండి వచ్చిన సిపాయి మాట చెప్పేదేమున్నది?

ఆ సిపాయిలు వచ్చినది 1858లో. అంతకుముందు 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ చాథం దీవిలో ఒక వలసను నెలకొల్పినాడు. దానిని 1792లో ఈశాన్యపు రేవుకు మార్చినారు. రోగాల తాకిడికి 1796లో ఎత్తివేసినారు. మళ్ళీ ఆరు దశాబ్దాల పాటు ఈ తీరం తన మానాన తాను ఉన్నది. 1857 తిరుగుబాటు అణగిన తరువాత, శిక్షపడినవారిని ఎక్కడ ఉంచవలెనన్న ప్రశ్న వచ్చి, అధికారుల దృష్టి తిరిగి ఇటు మళ్ళింది. 1858 మార్చి 10వ తేదీన డాక్టర్ జేమ్స్ ప్యాటిసన్ వాకర్ 200 మంది ఖైదీలతో ఓడ దిగినాడు. నేటి శ్రీ విజయపురం నాటి పోర్ట్ బ్లెయిర్. 2024 వరకు దాని పేరు అదే. ఖైదీలకు మొదటి పని అడవి నరకడం. రెండవ పని ఎవరూ చెప్పకుండానే మొదలయినది, అదే పారిపోవడం.

ఎక్కడికి పారిపోతారు? ఈ ప్రశ్నకు వారిలో ఒక సమాధానం చలామణీలో ఉన్నది. ఉత్తరంగా పదిరోజులు నడిస్తే బర్మా వస్తుందనీ, అక్కడ కంపెనీవారి చేయి సాగదనీ వారు నమ్మినారు. నడక వారికి కొత్త కాదు. దండులో ఉండి నెలల తరబడి వందల మైళ్ళు నడిచిన కాళ్ళవి. తాము ఎరిగిన లోకంలో ఏ రాజ్యమైనా మరొక రాజ్యానికి నేలదారినే ఆనుకొని ఉండేది. కనుక ఆ లెక్క వారికి వెర్రిగా తోచలేదు.

ఆ లెక్కలోని తప్పులను నేటి పటంమీద వేలు పెట్టి చూడవచ్చును. దక్షిణ అండమాను కొస చేరగానే మధ్య జలసంధి అడ్డుతగులుతుంది. దానిని దాటితే బారాటాంగు, ఆవల హంఫ్రీ జలసంధి. మధ్య అండమాను అంతా నడిస్తే ఆస్టిన్ జలసంధి. ఉత్తర అండమాను కూడా ముగిసిన తరువాత మిగిలేది సముద్రమే. బర్మాలోని నెగ్రాయిస్ అగ్రం అక్కడినుండి దాదాపు 190 కిలోమీటర్ల దూరాన, కోకో దీవుల ఆవల ఉన్నది. వీటన్నిటినీ మించిన తప్పు మరొకటి. నెగ్రాయిస్ ఉన్న పెగూ ప్రాంతాన్ని రెండవ బర్మా యుద్ధం చివర, 1852లోనే కంపెనీ కలుపుకొన్నది. ఏ దేవత కరుణించి సముద్రాన్ని ఇంకించినా, ఆ ఖైదీలు నడిచి చేరవలసినది తాము పారిపోయివచ్చిన ప్రభుత్వపు నేలకే. ఆ వార్త తెలిసినవాడు వారిలో ఒకడైనా ఉండినాడో లేదో. ఉండినా, ఆశపడిన మనస్సు అతని మాట వింటుందా?

ఏప్రిల్ 23వ తేదీన రాస్ దీవినుండి ఒక పెద్ద గుంపు తెప్పలమీద పెద్దదీవికి దాటింది. 2018 చివరినుండి ఆ రాస్‌ను నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపమని పిలుస్తున్నారు. ఆ గుంపులో 14వ దేశీయ పదాతిదళపు సిపాయి దూధ్‌నాథ్ తివారి ఉన్నాడు. అతడు ఆ దీవికి వచ్చి మూడు వారాలయినా కాలేదు. రోజుల తరబడి ఆకలితో, అరకొర నీటితో వారు ఆ చీకటి అడవిలో తిరిగినారు. ఉత్తరానికి పోతున్నామనుకొన్నవారు ఎటు పోతున్నదీ ఎరుగరు, ఏలయన ఆ చెట్ల కింద సూర్యుని దిక్కు కనబడడమే అరుదు. చివరకు విల్లమ్ములతో వచ్చిన అండమాను వాసుల చేతిలో అనేకులు హతులయినారు. తివారి గాయపడి కూడా బ్రతికినాడు. తరువాత ఏడాదికి పైగా వారితోనే ఉన్నాడు. వారి వలెనే దుస్తులు విడిచి, ఒంటికి మన్ను పూసుకొని, వారు పోయినచోటికల్లా పోయినాడు. లీపా అనే అమ్మాయితో అతనికి పెండ్లి కూడా చేసినారు.

పారిపోయిన మిగిలినవారి గతి వేరు. దారి కనబడక, తిండి లేక వెనుదిరిగి వచ్చినవారినీ పట్టుబడినవారినీ వాకర్ క్షమించలేదు. ఎనభైమందికి పైగా ఉరితీయించినాడు. అది కలకత్తాలోని ప్రభుత్వానికే మితిమీరినదిగా తోచి, ఇకమీదట అట్లా చేయరాదని చెప్పవలసి వచ్చింది. ఎదురుగా ఉన్న అడవిలో వారు ఎంచుకొన్న దారి లేనే లేదు. లేని దారిన నడిచినందుకు పడిన శిక్ష మాత్రం నిజమైనది.

దూధ్‌నాథ్ కథకు ముగింపు ఇంకొకటి ఉన్నది. 1859 మేలో అండమాను వాసులు అబర్డీన్ వద్ద ఉన్న వలసమీద దాడికి సిద్ధమైనప్పుడు అతడు ముందుగా పరుగెత్తి వచ్చి ఆ సంగతి అధికారులకు తెలిపినాడు. తుపాకుల ముందు విల్లమ్ములు నిలువలేదు. తివారికి క్షమాభిక్ష దొరికి, అతడు స్వదేశం చేరినాడు. తనను చంపక, తిండి పెట్టి, ఏడాదిపాటు అడవిదారులన్నీ చూపినవారిని అతడు ఆ దారినే వచ్చి పట్టి ఇచ్చినాడని చరిత్రకారులు తరచుగా తప్పుపడతారు. ఉరికంబం ఒక వైపూ అడవి ఒక వైపూ ఉన్న ఖైదీని దూరాన కూర్చుండి తూచడం సులభమే. కాని గర్భవతిగా విడిచివచ్చిన లీపా పక్షాన మాట్లాడినవారు మాత్రం అరుదు.

ఇక ఇప్పటి నడక ప్రియులు మొదట ఎంచుకొనే బాటకు వద్దాము. రేవుకు ఎదురుగా ఉత్తరాన కనబడే కొండ హారియట్. 1862 నుండి 1864 వరకు అక్కడ అధికారం నెరపిన రాబర్ట్ టైట్లర్ భార్య పేరు దానికి పెట్టినారు. 1891 యుద్ధం తరువాత మణిపురపు రాజు కులచంద్ర సింగును, ఆయనతోడివారినీ ఈ కొండమీద ఉంచినందున, 2021లో దానిని మణిపూర్ కొండగా మార్చినారు. చాథం రేవునుండి పడవలో బాంబూఫ్లాట్‌కు దాటి, కొండ ఎక్కి, అక్కడినుండి కాలాపత్థర్ మీదుగా తూర్పుతీరపు మధుబన్‌కు దిగే అడవిబాట ఒక పూట నడక. ఇరవై రూపాయల పాత నోటు వెనుక అచ్చయిన కొబ్బరిచెట్ల సముద్రతీరమూ, ఉత్తరాఖాతపు దీపస్తంభమూ ఈ పరిసరాలవే. జేబులో ఆ దృశ్యాన్ని పెట్టుకొని తిరిగిన కోట్లమందికి ఆ సంగతి తెలియదు.

ఈ కొండకు సంబంధించి, దారి ఎంచుకోవడమనేది చరిత్రను మార్చిన ఘట్టం ఒకటున్నది. 1872 ఫిబ్రవరి 8న గవర్నర్ జనరల్ మేయో ప్రభువు ఈ దీవులను తనిఖీ చేసినాడు. ఆనాటి పనులన్నీ ముగిసినవి. ఇంకా కాస్త పొద్దు మిగిలి ఉన్నందున, హారియట్ కొండ ఎక్కి చూద్దామని ఆయనకు తోచింది. రోగులకు ఆరోగ్యనివాసం కట్టడానికి ఆ చోటు పనికివస్తుందేమో చూడవలెనని ఆలోచన. శిఖరంమీద సూర్యాస్తమయం చూసి, చీకటిలో కాగడాల వెలుతురున దిగివచ్చి, హోప్‌టౌన్ రేవులో పడవ ఎక్కబోతుండగా షేర్ అలీ అనే పఠాను ఖైదీ కత్తితో పొడిచినాడు. ఆ ప్రభువు ఆ సాయంకాలం ఓడలోనే విశ్రమించి ఉంటే ఏమయ్యేదో చెప్పలేము. మార్చి 11న వైపర్ దీవిలో షేర్ అలీని ఉరితీసినారు. కొండదారి మాత్రం అట్లాగే ఉన్నది; ఇప్పుడు సీతాకోకచిలుకలను చూడవచ్చే వారి సందడి దానికి ఎక్కువ.

ఉత్తరాదిన రెండవ బాట సాడిల్ శిఖరానిది. 732 మీటర్ల ఎత్తుగల ఈ శిఖరం అండమానులన్నిటిలో మిన్న. డిగ్లిపూర్ సమీపాన లామియా అఖాతం దగ్గర అటవీశాఖ చౌకీలో పేరు వ్రాయించుకొని బయలుదేరితే, పోవడానికి సుమారు 8 కిలోమీటర్లు. మొదట తీరం వెంట రాళ్ళూ ఇసుకా, తరువాత తడి అడవి, ఆపైన నిట్టనిలువు ఎక్కుడు. ఎత్తు విని చిన్నచూపు చూసిన హిమాలయపు నడకరులను కూడా ఇక్కడి ఉక్కపోత సగం దారిలో కూర్చోబెడుతుంది. మే నుండి డిసెంబరు దాకా వానలు వదలవు. జనవరి మొదలు ఏప్రిల్ వరకే నడకకు అనువైన కాలం. వాగు మొగల దగ్గర ఉప్పునీటి మొసళ్ళుండడంచేత అక్కడ కాలు కడుక్కోవడానికి కూడా వెనుకముందు చూడవలెను.

ఈ ఉత్తరపు అడవులలో మనుష్యులకు దారి చేసినవారు వేరు. 1918 నుండి అటవీశాఖ ఛోటానాగపూర్ కూలీలను రప్పించింది. రాంచీవాళ్ళని వారికి పేరు. దుంగలను లాగే ఏనుగులకు బాటలు కొట్టినది వారే. 1925లో బర్మానుండి కరెన్ కుటుంబాలు వచ్చి మాయాబందర్ దగ్గర ఊరు కట్టుకొన్నవి. 1858 నాటి ఖైదీలు బర్మాకు పోదామనుకొన్న దారిలోనే, ఆ బర్మానుండి మనుష్యులు వచ్చి స్థిరపడినారు. అయితే ఓడలో వచ్చినారు. 1949 తరువాత తూర్పు బెంగాలు శరణార్థులు, ఆ వెనుక ఇతర ప్రాంతాలవారు వచ్చినారు. 2011 జనాభా లెక్కలనాటికి ఈ దీవులలో నూటికి పదముగ్గురు తెలుగు మాతృభాషగా గలవారు. వారిలో శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల జాలరి కుటుంబాలు ఎన్నో. వారికి సముద్రమే దారి కనుక అడవిబాటతో పని తక్కువ.

మూడవది అన్నిటికన్న పొడవైనది, అన్నిటికన్న సులభమైనది, ఎంచుకోకూడనిది. పోర్ట్ బ్లెయిర్‌ను డిగ్లిపూర్‌తో కలిపే అండమాన్ ట్రంకు రోడ్డు మూడు వందల కిలోమీటర్లకు పైగా సాగుతుంది. తివారి గుంపు కలగన్న ఉత్తరపు దారి ఒక విధంగా నిజమైనది ఈ రోడ్డుతోనే. కాని అది జరావాల అడవిని చీల్చుకొని పోయినది. 1956 నిబంధన క్రింద 1957లో ఆ అడవిని వారికే కేటాయించినారు. తరువాతి దశాబ్దాలలో దాని నడుమనుండి రోడ్డు వేసినారు. ఒకే ప్రభుత్వం ఒక చేతితో గీసిన గీతను రెండవ చేతితో తుడిచినట్లయినది. జరావాలు బాణాలతో ఎదిరించినారు. పోలీసు కాపలాలో పని సాగింది. 1997 చివరినుండి వారు తమంతట తామే ఊళ్ళకు రాసాగినారు. రెండేళ్ళు తిరగకుండానే, 1999లో, వారిలో తట్టు వ్యాపించింది.

2002 మే 7న సుప్రీంకోర్టు జరావా అభయారణ్యంలోని రోడ్డు భాగాన్ని మూసివేయవలసినదిగా ఆదేశించింది. రోడ్డు మూతపడలేదు. ఉత్తరపు ఊళ్ళవారికి ఆసుపత్రీ, అంగడీ, కచేరీ దక్షిణాననే ఉన్నవన్నది దానికి చెప్పిన కారణం. ఆ కారణం అబద్ధమూ కాదు. జిర్కాటాంగ్ నుండి పోలీసు పహరాలో బండ్ల వరుసలు పోతూనే ఉన్నవి. 2012 జనవరిలో, ఆహారం ఆశచూపి జరావా స్త్రీలచేత యాత్రికుల ముందు నృత్యం చేయించిన దృశ్యాలు లోకానికి వెల్లడయినవి. తరువాతి ఏడాది యాత్రికుల ప్రవేశంపై కోర్టు విధించిన నిషేధం కొద్ది వారాలే నిలిచింది. బారాటాంగు సున్నపుగుహలకు సముద్రమార్గాన పోయే ఏర్పాటు ఆ తరువాత జరిగినది. గుహలు చూడగోరినవానికి ఆ పడవ ఉండగా, ఇతరుల ముంగిలి తొక్కుతూ పోయే దారిని ఎంచుకోవడానికి సాకు మిగలదు. 2011 లెక్కలో జరావాలు నాలుగు వందలకు లోపు.

చివరి బాట దక్షిణపు కొసన, గ్రేట్ నికోబారులో ఉన్నది. అక్కడి నదికి గలాతియా అని పేరు పెట్టినది 1846లో వచ్చిన డెన్మార్క్ నౌక. దాని పేరే నదికి నిలిచింది. లోపలి అడవిలో షోంపెన్‌లూ, తీరంలో నికోబారీలూ ఉన్న ఆ దీవికి 1969 నుండి భారతప్రభుత్వం మాజీ సైనికుల కుటుంబాలను పంపింది. వారిలో పంజాబు, మహారాష్ట్ర, కేరళ, తమిళనాడులవారితోపాటు ఆంధ్రప్రదేశ్‌వారు కూడా ఉన్నారు. వారి ఊళ్ళను కలుపుతూ క్యాంప్‌బెల్ బే నుండి దేశపు దక్షిణాగ్రమైన ఇందిరా పాయింటు దాకా 51 కిలోమీటర్ల రోడ్డు వేసినారు. పడమటి తీరానికి దీవిని అడ్డంగా కోస్తూ మరొక రోడ్డు, 43 కిలోమీటర్లది, షోంపెన్ల అడవిలోనుండి పోయినది. దూరపు నడక కోరేవారి నోట ఈ రెండు పేర్లూ తరచుగా వినబడేవి. అనుమతిపత్రం లేనిదే నికోబారు దీవులలో కాలు పెట్టడానికి వీలులేదు కనుక, చాలామందికి అవి పటంమీది దారులుగానే మిగిలినవి.

2004 డిసెంబరు 26న భూకంపమూ, వెంటనే సునామీ వచ్చినవి. ఇందిరా పాయింటు వద్ద నేల నాలుగు మీటర్లకు పైగా కుంగింది. 1972లో వెలిగిన దీపస్తంభం అడుగుభాగం నీట మునిగింది. ఉత్తర దక్షిణపు రోడ్డు ముప్పదిఅయిదవ కిలోమీటరు తరువాత తెగిపోయినది. అడ్డురోడ్డును వానలూ అడవీ కలిసి తిరిగి ఆక్రమించినవి. పడమటి తీరపు నికోబారీలను క్యాంప్‌బెల్ బే దగ్గరి శిబిరాలకు చేర్చినారు. తమ పాత ఊళ్ళకు పోనివ్వవలసినదని వారు నాటినుండి అడుగుతూ వచ్చినారు. వారికి ఆ తెగిన బాట యాత్ర కాదు, ఇంటిదారి.

2022 నవంబరులో ఆ దీవిలో నౌకాశ్రయం, విమానాశ్రయం, నగరం, విద్యుత్కేంద్రం కట్టే పథకానికి పర్యావరణ అనుమతి లభించింది. నౌకాశ్రయానికి ఎంచుకొన్నది గలాతియా అఖాతాన్నే. తోలువీపు సముద్రతాబేళ్ళు గ్రుడ్లు పెట్టే ఆ ఇసుకతీరానికి అంతకుముందున్న అభయారణ్యపు హోదాను 2021లో తొలగించినారు. ఆ పథకంతో కొత్త రోడ్లు వస్తాయి, వెడల్పుగా వస్తాయి. దీపస్తంభం మాత్రం నీటిలోనే నిలిచి, అక్కడికి పోయే దారి తెగిపోయిన తరువాత కూడా, మలక్కా జలసంధి వైపు సాగే ఓడలకు రాత్రివేళ వెలుగు చూపుతున్నది.